మగ్గం దగ్గర పుట్టిన మాట

ఫోన్ పెట్టేసే ముందు మా అన్న నాతో 'మంచిది' అంటాడు. రెండేళ్ల కిందటి దాకా 'ఓకే తమ్మీ' అనేవాడు. వినేవాళ్లకు ఈ రెండింటికీ తేడా కనిపించదు. నాకు కనిపిస్తుంది, ఎందుకంటే ఆ మాటను మా ఇద్దరి మధ్య నుంచి తీసేసింది నేనే.

ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడుల్లో ఇంగ్లీషు చెప్పాను. మర్కూక్ వైపు మొదలుపెట్టి, అక్కన్నపేట దాకా తిరిగి, చివరికి సిద్దిపేటలోనే రిటైరయ్యాను. అన్న మగ్గం మీద కూర్చున్నాడు, ఇప్పటికీ కూర్చుంటున్నాడు. నాకంటే ఏడేళ్లు పెద్ద. ఆరో తరగతి మధ్యలో బడి మానేశాడు. ఎందుకు మానేశావని నేను ఎన్నడూ అడగలేదు. అడిగితే వచ్చే జవాబులో నా పేరు ఉంటుందని భయం.

బాపు కూడా నేతగాడే. నడుము పట్టేసి మగ్గం గుంటలో కూర్చోలేని స్థితి వచ్చాక, చేనేత సొసైటీ వాళ్లు ఆయనకు నేసిన గుడ్డ చూసే పని ఇచ్చారు. చిన్న గది, ఒకటే కిటికీ. కిటికీ ముందు అడ్డంగా కట్టిన వెదురు గడ. వాడలో వాళ్లు నేసిన చీరలు చంకలో పెట్టుకొని వచ్చి వరుసగా నిలబడేవాళ్లు. బాపు ఒక్కో చీరను గడ మీద వేసి వెలుతురుకు పెట్టి చూసేవాడు. తర్వాత అరచేత్తో పొడుగునా నిమిరేవాడు. కంటికి చిక్కని ముడి చేతికి చిక్కుతుందనేవాడు. పోగు తప్పిన చోట గోటితో చూపించి వెనక్కి ఇచ్చేవాడు. అంతా బాగుంటే మూలకు నీలం సుద్దతో రెండు ఇంగ్లీషు అక్షరాలు గీసేవాడు. ఓకే.

బాపుకు తెలుగులో సంతకం కూడా రాదు, వేలిముద్రే. ఆ రెండక్షరాలు సొసైటీ గుమాస్తా నేర్పాడు. సున్నాను గుండ్రంగా, తాపీగా గీసేవాడు. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి నాలుక కొద్దిగా బయటికి వచ్చేది.

మా వాడలో ఆ మాట గుడ్డకు మాత్రమే వాడేవాళ్లు. అన్నం బాగుందనడానికి, ఒంట్లో బాగుందనడానికి వేరే మాటలు ఉండేవి. ఎప్పుడన్నా సరదాకు దాన్ని మనుషుల మీదికి తెచ్చేవాళ్లు. పెళ్లిచూపులకు పోయి వచ్చిన ఆడవాళ్లను "పిలగాడు ఎట్లున్నడే?" అని అడిగితే, "ఓకే గుడ్డ. ఎలుతురుకు పెట్టి సూసినం, ఒక్క పోగు తప్పలే" అని నవ్వేవాళ్లు. పొద్దంతా ఊళ్లో తిరిగే పిల్లలు ఆ మాట సినిమాల్లో విని వచ్చి వాడుతుంటే, మా బాపు సొత్తు ఎవరో ఎత్తుకుపోయినట్టు నాకు కోపం వచ్చేది. అంత చిన్నవాణ్ని.

అదంతా ఎప్పటి మాటో. ఇంగ్లీషు సార్‌నయ్యాక ఆ కోపం పోయింది, దానితో పాటు ఇంకా కొన్ని పోయాయి.

కొన్నేళ్లుగా నాకు పొద్దున కోమటి చెరువు కట్ట మీద నడిచే అలవాటు ఉంది. నడక అయ్యాక రోడ్డు పక్క చిన్న హోటల్లో చాయ్. ఆ హోటల్ నడిపే ఆమెను అందరం అక్కా అంటాం. అక్కడి బెంచీ మీద నాకొక జోడీ ఉన్నాడు. సైన్యంలో పనిచేసి వచ్చినాయన, మేం ఫౌజీ సాబ్ అని పిలుస్తాం. ఆదివారాలు మా అన్న కూడా సైకిల్ మీద వచ్చేవాడు. మా ఇద్దరి మాటలు వింటూ, చాయ్‌ని సాసరులో పోసుకొని తాగేవాడు.

నేను రిటైరయ్యే ఏడు, ఒక ఆదివారం, అక్క గ్లాసులు అందిస్తూ "చక్కెర ఓకేనా సారు?" అని అడిగింది. ఫౌజీ సాబ్ అందుకున్నాడు.

"గా ఓకే అన్న మాట యాడికెల్లి అచ్చిందో ఎర్కనా? మా ఫౌజుల పుట్టింది. ఎన్కటి లడాయిలల్ల పొద్దుమీకంగ బోర్డు మీద రాసేటోళ్లట, ఇయ్యాల సచ్చినోళ్లు సున్న అని. సున్న పక్కపొంటి, కిల్డ్ అనేటందుకు కే. గంతే."

"మీ ఫౌజుల పుట్టనిది ఏమున్నది సాబ్?" అంది అక్క. "మొన్న ఇడ్లీ గూడ ఫౌజులనే పుట్టిందంటివి."

"ఇడ్లీ అనలే, ఉప్మా అన్న."

నేను గొంతు సవరించుకున్నాను. ఇలాంటి సందర్భం కోసం నేను ఎప్పుడూ కాచుకొని ఉండేవాణ్ని. "అది కాదు సాబ్. అమెరికాల పేపరోళ్లు ఎన్కట ఎకసెక్కానికి మాటలను తప్పు రాసి, పొట్టిగ జేసి అచ్చేసేటోళ్లు. అంతా సరిగ్గున్నది, ఆల్ కరెక్ట్, అనేదాన్ని ఓ తోని, కే తోని తప్పుల తడకగ రాస్తే గీ రెండక్షరాలు తేలినయి. గసొంటి మాటలు మస్తు పుట్టి మస్తు సచ్చిపోయినయి. ఇదొక్కటి బతికింది."

"తప్పు రాసిందే బతికిందా?" అంది అక్క. "మరి తప్పు రాసిన్రని మా పిల్లలను ఎందుకు కొడ్తుంటివి సారూ?"

బెంచీ అంతా నవ్వింది. అప్పుడు మా అన్న సాసరు కింద పెట్టి, మీసం తుడుచుకొని, "మీరిద్దరు చెప్పింది కాదు" అన్నాడు. "గా మాట మగ్గం కాడ పుట్టింది. గుడ్డ సూసి, పోగు తప్పలేదని పెట్టే గుర్తు అది. మన గుడ్డ ఓడల మీద పోతుండె గద, గుడ్డతోని మాట గూడ పోయింది. తెల్లోళ్లు గుడ్డ కట్టుకున్నరు, మాట పట్టుకున్నరు."

"ఏ పుస్తకంల ఉన్నదే అన్నా?" అన్నాను నేను.

"పుస్తకం రాసినోడు గుడ్డ కట్టుకోకుంట రాసిండా?"

ఫౌజీ సాబ్ తొడ చరిచాడు. అక్క చాయ్ గిన్నె పక్కకు పెట్టి మరీ నవ్వింది. పక్క బెంచీ మీద కూర్చున్న ముక్కూమొహం తెలియని వాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాకు ముల్లులా దిగింది. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ని, ఆరో తరగతి పూర్తి చేయని అన్న ఒక్క మాటతో నా నోరు మూయించాడు. అన్న గెలిచాడని మురిసిపోవలసిన తమ్ముణ్ని, లోపల తీర్చుకోవలసిన లెక్క ఒకటి మిగుల్చుకున్నాను. అది ఒప్పుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

మూడు నెలల తర్వాత నా రిటైర్మెంట్ రోజు బడిలో సభ పెట్టారు. హాలు నిండా పిల్లలు, తోటి సార్లు, మేడమ్‌లు, ఇరుగుపొరుగు. శాలువాలు కప్పడం అయ్యాక హెడ్మాస్టర్ "సార్ వాళ్ల అన్నగారు కూడా రెండు మాటలు మాట్లాడాలి" అన్నాడు. అన్న తెల్ల ధోతి కట్టుకొని, చేతిలో ఒక గుడ్డసంచి పట్టుకొని వేదిక ఎక్కాడు. మైకు ముట్టడం ఆయనకు అదే మొదలు. దాన్ని మగ్గంలో పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను పట్టుకున్నట్టు నడుమ పట్టుకున్నాడు.

"అందరికి దండాలు" అన్నాడు. "నా తమ్ముడు ఇంగ్లీష్ సార్ అయిండు. మాది మగ్గాల ఇల్లు. మా ఇంట్ల ఇంగ్లీష్ యాడికెల్లి వచ్చిందని అందరు అడుగుతరు. ఓకే అన్న మాట ఉన్నది గద, అది మగ్గం కాడ పుట్టింది. మా బాపు..."

వెనక వరుసల్లో పిల్లలు చప్పట్లు కొట్టారు. కొత్తగా వచ్చిన ఇద్దరు ఇంగ్లీషు టీచర్లు ఒకరినొకరు చూసుకొని పెదవులు బిగబట్టారు. అది నేను చూశాను. లేచి వెళ్లి "ఒక్క నిమిషం అన్నయ్యా" అని మైకు తీసుకున్నాను. పుట్టి బుద్ధెరిగి నేను ఆయన్ను అన్నయ్యా అని పిలవలేదు. ఆ రోజు మైకు ముందర పిలిచాను.

"మా అన్నయ్య మంచి నేతగాడు" అన్నాను. "చీరల విషయంలో ఆయన మాట కళ్లు మూసుకొని నమ్మండి. ఇంగ్లీషు విషయంలో నమ్మి మాత్రం పరీక్ష రాయకండి." హాలు నవ్వింది. నవ్వు వచ్చాక నాకు ఊపు వచ్చింది. అమెరికా పత్రికల కథ మొత్తం చెప్పాను. అక్కడితో ఆగలేదు. "మా బాపుకు అక్షరం ముక్క రాదు. గుమాస్తా నేర్పిన రెండు గీతలు గీసేవాడు, పాపం. అవి ఏ భాషో కూడా ఆయనకు తెలియదు" అన్నాను.

అన్న నా పక్కనే నిలబడి ఉన్నాడు. మొహం మీద నవ్వు అలాగే ఉంది, మరిచిపోయి వదిలేసినట్టు. కాసేపటికి మెట్లు చూసుకుంటూ నెమ్మదిగా దిగి రెండో వరుసలో కూర్చున్నాడు. అందరితో పాటు భోజనం చేశాడు. వెళ్లేటప్పుడు ఆ గుడ్డసంచి నా భార్య చేతికిచ్చి, "ఇంటికి పోయినంక ఇయ్యి బిడ్డా" అన్నాడట.

సంచిలో కండువా ఉంది. ఆయనే నేశాడు. సన్న నూలు, అంచు మీద గొల్లభామల బొమ్మలు. నా భార్య దాన్ని మడత విప్పి, "మూలకు ఏందో రాసి ఉన్నది సూడు" అంది. నీలం సుద్దతో రెండక్షరాలు. మొదటిది గుండ్రంగా, తాపీగా. బాపు రాసినట్టే.

చూశాను. అన్న ఏం చెప్పబోయాడో సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కాకపోవడమే మేలనిపించి, కండువాను బీరువాలో పెట్టాను.

మరుసటి వారం అన్న ఫోన్ చేశాడు. నల్లా నీళ్ల గురించి, వదిన మోకాళ్ల గురించి మాట్లాడాడు. చివర "మంచిది" అన్నాడు. నేను ఒక్క క్షణం ఆగాను, ఇంకో మాట వస్తుందేమోనని. ఫోన్ కట్టయింది.

ఆదివారాలు చాయ్‌కి రావడం కూడా తగ్గింది, తర్వాత ఆగింది. "మగ్గం పార్టీ వస్తలేదేంది సారు?" అని ఫౌజీ సాబ్ అడిగితే, "మోకాళ్లు నొస్తున్నయట" అన్నాను. మోకాళ్లు వదినవి. అబద్ధానికి కూడా వేరే ఇంటికి పోలేదు నేను.

రిటైరయ్యాక చేతిలో పొద్దు ఎక్కువైంది. ఆ మాట సంగతి తేలుద్దామని నోటుబుక్కు పెట్టుకొని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే అన్న చెప్పింది తప్పని ఇంకోసారి రుజువు చేసుకోవడానికే. పత్రికల కథ నేను చెప్పినట్టే ఉంది, ఎక్కువమంది పండితులు దాన్నే ఒప్పుకుంటారు. కానీ దాని పక్కనే ఇంకా ఎన్నో ఉన్నాయి. అమెరికా ఆదివాసుల భాషల్లో ఒకదాంట్లో 'అవును, అంతే' అనే అర్థంలో అలాంటి మాట ఉందట, అక్కడి నుంచి వచ్చిందని కొందరు. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషుల నోటి మాట అని కొందరు. గ్రీకు అని, జర్మన్ అని, ఓ రొట్టెలు కాల్చేవాడి పేరు పొడి అక్షరాలని, ఎన్నికల్లో నిలబడ్డ ఒకాయన ముద్దుపేరని. ఫౌజీ సాబ్ సున్నా కూడా ఉంది. ప్రతివాడూ ఆ మాట తన ఇంట్లోనే పుట్టిందన్నాడు. వాళ్లలో చదువుకున్నవాళ్లు, పుస్తకాలు రాసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరినీ చూసి ఏ హాలూ నవ్వలేదు.

ఆ సంగతి అన్నకు చెబితే తేలికపడుతుందనుకున్నాను. ఫోన్ చేసి, "అన్నా, పెద్ద పెద్దోళ్లే ఇంకా కొట్లాడుతున్నరే. ఎవలకు ఖాయంగ తెల్వదట" అన్నాను.

"అట్లనా? మంచిది" అన్నాడు.

అంతే. ఆయన పండితులతో పోట్లాడటం లేదని నాకు అప్పటికీ తెలియలేదు.

తెలిసింది పోయిన వానకాలంలో. ముసురు పట్టిన రోజు, కట్ట మీద నడకకు ఎవరూ రాలేదు. హోటల్లో నేను, ఫౌజీ సాబ్ ఇద్దరమే. అక్క స్టవ్ ముందర కూర్చొని, "మా బిడ్డకు ఇంగ్లీష్ అంటె శాన భయం సారు" అంది. "పరీక్ష అంటె జెరమే అస్తది. నువ్వు గూడ మగ్గాల ఇంట్లకెల్లే వచ్చినవ్ గద. నీకు భయం ఎట్ల పోయింది?"

"నాకా?" అని మొదలుపెట్టాను. కష్టపడి చదవాలి, రోజుకు పది మాటలు రాయాలి, అని చెప్పడానికి నోరు తెరిచాను. వందలమంది పిల్లలకు చెప్పిన మాటలే. అవి రాలేదు. వాటి బదులు మగ్గం గుంట కళ్ల ముందుకు వచ్చింది.

ఆరో తరగతిలో మొదటిసారి ఇంగ్లీషు పుస్తకం చేతికిచ్చారు. మూడో రోజు సార్ నన్ను లేపి చదవమన్నాడు. నోరు పెగల్లేదు. చేతుల మీద నాలుగు దెబ్బలు. మర్నాడు బడికి పోకుండా, పుస్తకాన్ని పొయ్యి కట్టెల సందులో దాచి, మగ్గం వెనకాల నక్కాను. అన్న అప్పుడు మీసం వచ్చిన పిల్లగాడు, బాపు జాగలో నేస్తున్నాడు. నన్ను చూశాడు. అరవలేదు. నాడె ఆపి, నా వాచిన చేతులు తిప్పి చూసి, "ఓకే అంటె ఎర్కనారా?" అని అడిగాడు.

"ఎర్కే. బాపు రాస్తడు."

"అదేం భాష?"

"బాపు భాష."

"పిచ్చోడా, గదే ఇంగ్లీషు. మన మగ్గం కాడ పుట్టి, గుడ్డతోని ఓడెక్కి వాళ్ల దేశం పోయింది. మనదే మనకు తిప్పి నేర్పుతున్నరు. నీకు ఒక మాట ముందుగాలనే వచ్చు. ఇంక మిగిలినయి నేర్చుకునుడే గద. దానికి ఏడుస్తరా?"

ఆ మధ్యాహ్నమే పుస్తకం తీసుకొని బడికి పోయాను. సార్ అడిగితే రాలేదు, మళ్లీ కొట్టాడు. కానీ అప్పుడు నేను భయపడలేదు. మా వాడ నుంచి పోయిన మాటలను వీళ్లు కాస్త చెడగొట్టారు, అంతే, అనుకున్నాను. అలా ఒక్కో మాట వచ్చింది. నా ఉద్యోగం, నా ఇల్లు, మైకు ముందర నా గొంతు, అన్నీ ఆ గుంటలోంచి వచ్చాయి. వాటికి పునాది ఒక కట్టుకథ. ఆ కథ చెప్పినవాణ్ని నలుగురిలో నిలబెట్టి నేను అబద్ధాలకోరును చేశాను.

"ఏంది సారు, చెప్తలేవు?" అంది అక్క.

"రేపు చెప్తక్కా" అని లేచాను. చాయ్ సగం అలాగే ఉంది. ఫౌజీ సాబ్ గొడుగు ఇస్తానన్నా ఆగలేదు.

అన్న ఇంటికి పోయేసరికి బట్టలు తడిసిపోయాయి. గడప దగ్గర చెప్పులు విడుస్తుంటే లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది. నూలు ఇచ్చే సేటుతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "ఓకే ఓకే సేటూ. రేపు పంపు. ఆఁ, ఎర్ర రంగే. ఓకే."

గడపలోనే నిలబడిపోయాను. ఇన్నాళ్లూ నేనేమనుకున్నానంటే, ఆ సభ తర్వాత మా అన్న ఆ మాటను నాలుక మీద నుంచే తీసేశాడని. అందులో కూడా నాకు ఒక గొప్ప ఉంది, నా మాటకు అంత బలం ఉందని. అన్న ఏమీ మానలేదు. సేటుతో అంటున్నాడు, వదినతో అంటున్నాడు, వాడంతటితో అంటున్నాడు. నా ఒక్కడితోనే అనడం లేదు.

వదిన తువ్వాల తెచ్చిచ్చింది. "గిట్ల తడుసుకుంట ఎందుకచ్చినవ్ మరిదీ? ఫోన్ చేస్తె సరిపోకపోవునా?"

తల తుడుచుకుంటూ అన్నను అడిగాను. "అందరితోని అంటున్నవ్ గద అన్నా. నాతోని ఎందుకు అంటలేవు?"

"ఏంది?"

"ఓకే."

ఆయన అప్పటికే గుంటలో కూర్చున్నాడు. నాడె అటూ ఇటూ పోతూనే ఉంది. "నువ్వు సార్‌వి. నీ ముందట తప్పు మాట్లాడి మార్కులు పోగొట్టుకునుడెందుకు?"

వదిన ఫక్కున నవ్వి, నా మొహం చూసి ఆపుకుంది.

నేను మగ్గం పక్కన నేల మీద కూర్చున్నాను. పుస్తకం కట్టెల సందులో దాచిన సంగతి, వాచిన చేతులు, ఆయన అడిగింది, నేను చెప్పింది, గుర్తుకొచ్చినంత వరుసగా చెప్పాను. నడుమ ఎక్కడో మగ్గం చప్పుడు ఆగింది.

"యాదికొచ్చిందా?" అన్నాడు అన్న.

"ఇయ్యాల్నే వచ్చింది."

"గా ముచ్చటనే చెప్దామని మైకు పట్టుకున్న. ఇంగ్లీష్ అంటె భయపడే పిల్లలున్నరు గద ఆడ, వాళ్లకు పనికొస్తదని. సగంల గుంజుకుంటివి." కాసేపు పోగులు సర్దాడు. "అది అబద్ధమని నాకు తెల్వదనుకున్నవా? పుట్టిచ్చిందే నేను. గా మాట యాడ పుట్టిందో నాకేం ఎర్క? గీ ముచ్చట మాత్రం గీ గుంటల పుట్టింది, నీ కోసం. బెంచి కాడ నువ్వు ఏ పుస్తకం అన్నప్పుడు, ఎకసెక్కం ఆడుతున్నవ్, నీకు యాదికున్నది అనుకున్న. సభల బాపును పాపం అన్నప్పుడు తెల్సింది, యాది లేదని."

ఆయనకు నొప్పి నేను తప్పు దిద్దినందుకు కాదు. మరిచిపోయినందుకు. నేనేమో దిద్దినందుకే అనుకొని ఇన్నాళ్లూ పుస్తకాల్లో వెతికాను.

"తప్పయిందే అన్నా" అన్నాను.

"మంచిది" అన్నాడు, నాడె అందుకుంటూ.

మర్నాడు హోటల్‌కు పోయి, ఫౌజీ సాబ్ ముందరే అక్కకు జరిగిందంతా చెప్పాను. సభలో నేను చేసింది కూడా. ఫౌజీ సాబ్ గ్లాసు కింద పెట్టి, "మోకాళ్ల నొప్పి నీదేనన్నట్టు" అన్నాడు. అక్క తన బిడ్డను సాయంత్రం నా దగ్గరికి పంపింది. ఆ పిల్లకు మగ్గం కథ చెప్పాను. అది ఎందుకు కల్పించిన కథో కూడా చెప్పాను. కల్పించిందైనా ఫర్వాలేదు, బాగుంది అంది.

ఆ తర్వాతే ఇదంతా రాయడం మొదలుపెట్టాను. రాసింది పోయిన నెలలో అన్న దగ్గరికి తీసుకుపోయి చదివి వినిపించాను. నేస్తూనే విన్నాడు. సభ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎత్తాడు.

"గాడ ఆగు. హాలు నవ్వింది అని రాసినవ్."

"అవు. నవ్విన్రు గద."

"హాలు ఎందుకు నవ్వింది? ముందుగాల నువ్వు నవ్వినవ్. మైకుల ఇనచ్చింది. నిన్ను సూసి వాళ్లు నవ్విన్రు."

అవును. నేను నవ్వాను. అది నాకు గుర్తుంది, రాసేటప్పుడు కూడా గుర్తుంది. పైన ఆ వాక్యాన్ని మార్చకుండా అలాగే వదిలేస్తున్నాను, నేను దాన్ని ఎలా దాటబోయానో కనిపించాలని. ముందు నవ్వింది నేను. ఆయన గడప మీద కూర్చొని ఆ మాట రాశాను.

"ఇటు తే" అని అన్న చెయ్యి చాపాడు. కాగితాలు తీసుకొని కిటికీ వెలుతురుకు పెట్టాడు. పెదవులు కదిలిస్తూ, కొత్తగా రాసిన ముక్కను మెల్లగా చదువుకున్నాడు. తర్వాత అరచేత్తో కాగితాన్ని పై నుంచి కింది దాకా నిమిరాడు.

"కాయితానికి గూడ పోగులుంటయా?" అంది వదిన.

"ఉంటయి" అని, కాగితాలు నా చేతిలో పెట్టాడు. "ఇగ ఓకే. పో."

ఏమన్నా అంటే ఆ మాట మళ్లీ దొరకదేమోనని గబగబా లేచి చెప్పులు వేసుకున్నాను. వెనక నుంచి పిలిచాడు. "కండువా ఏంజేసినవ్ తమ్మీ? ఒక్కనాడు గూడ నీ మీద సూడలే."

"బీరువాల ఉన్నది. ఉతికితె గుర్తు పోతదని..."

"పోనీ. బాపు గుర్తు ఏ చీర మీద నిలిచింది? మొదటి ఉతుకు దాకనే. ఉతుక్కొని కట్టుకో."

ఇంటికి వచ్చి నేనే ఉతికాను. బకెట్‌లో నీళ్లు కొద్దిగా నీలంగా మారాయి, రెండోసారి జాడించేసరికి అది కూడా లేదు. ఆదివారం ఆ కండువా వేసుకొని కట్ట మీదికి పోయాను. హోటల్ ముందర మా అన్న సైకిల్ ఆపి ఉంది.